చెప్పనని పెట్టిన ఒట్టు

“ఆ పిల్ల మనింట్లో ఉన్నప్పుడే పెద్దమనిషి అయితే నేనేం జేసేది?”

మా ఆయన సుధాకర్ ముద్ద నోటి దాకా తీసుకుపోయి ఆగాడు. ఇక్కడ కువైట్‌లో, దజీజ్ అనే చోట ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఆ వారం రెండో షిఫ్టు, అందుకే పగటిపూట ఇంట్లో అన్నం తింటున్నాడు.

“ఏ పిల్ల?”

“దేవిక. భాగ్యలత కూతురు.”

“అయితే అయితాది. వాళ్ళమ్మకు ఫోన్ జెయ్. దానికి నువ్వు అన్నం తినకుండా కూచోవాల్నా?”

“నేను నోరు తెరవకూడదు గదా.”

“తెరవద్దు. మంచిదే, ఇంట్లో నిమ్మళంగా ఉంటాది.” ఆయన నవ్వాడు. “మొన్న లిఫ్ట్ తెగిపోతాదన్నావు. అంతకు ముందు స్కూలు బస్సుకు అగ్గి అంటుకుంటాదన్నావు. ఏమన్నా అయిందా? యాల మే నీకింత భయం?”

నేను ఆయన కంచంలో మజ్జిగ వంచాను. నేను భయపడేదాన్నే. మా కూతురు అంకిత పుట్టినప్పటి నుంచి ప్రతి దగ్గు నాకు నిమోనియానే, ప్రతి ఆలస్యం యాక్సిడెంటే. కానీ ఆ రోజు ఆయనతో చెప్పని మాట ఇంకొకటి ఉంది. ఆ పిల్లకి అది మా ఇంట్లోనే కావాలని, ఆ కబురు విని భాగ్యలత మూడంతస్తులూ ఎక్కి రొప్పుకుంటూ రావాలని మూడు నెలలుగా కోరుకుంటున్నాను. భయం పైకి కనపడేది. ఇది కనపడేది కాదు.

మేముండేది బ్నీద్ అల్ గార్‌లో, పాత బిల్డింగ్ మూడో అంతస్తు. మాది రాయచోటి పక్కన పల్లె. నేను తొమ్మిదో తరగతి దాకా చదివాను. ఇక్కడ తల్లులు కూడా ఉద్యోగాలకు పోయే నాలుగిళ్ళ పిల్లలు స్కూలు బస్సు దిగి నేరుగా మా ఇంటికి వస్తారు. అన్నం పెట్టి, హోంవర్కు చేయిస్తుంటే సాయంత్రం తల్లులొచ్చి తీసుకుపోతారు. బోర్డు లేదు, లైసెన్సు లేదు. ఒకరి నోటి నుంచి ఒకరికి తెలిసి వచ్చినవాళ్ళే.

పోయిన అక్టోబరులో ఒక మధ్యాహ్నం చపాతీ పిండి కలుపుతున్నాను. కింది అంతస్తు రెడ్డెమ్మ కూతురు జాహ్నవి, ఆరేళ్ళది, వచ్చి గట్టు పట్టుకుని నిలబడింది. రెడ్డెమ్మకు అప్పుడు నెలలు నిండుతున్నాయి.

“ఆంటీ, తమ్ముడు అమ్మ నోట్లోంచి వస్తాడా?”

“కాదు సామీ.”

“మరి కడుపు పగిలిపోతుందా? అమ్మ చచ్చిపోతుందా?”

ఆ పిల్ల కళ్ళ నిండా నీళ్ళు. ఎన్ని రోజుల నుంచి మోస్తున్నదో ఆ భయాన్ని. నేను చేతులు కడుక్కోలేదు. పిండి చేతులతోనే కింద కూచున్నాను.

“పగలదు. ఆడోళ్ళకు ఉచ్చ పోసే దారి వేరే, బిడ్డ వచ్చే దారి వేరే. రెండూ కాళ్ళ మధ్యనే ఉంటాయి. బిడ్డ వచ్చే రోజు ఆ దారి సాగుతాది. ఇదో, ఈ పిండి మాదిరి. నొప్పి అయితాది, అమ్మ అరుస్తాది కూడా. డాక్టరమ్మ పట్టుకుని బయటికి తీస్తాది. తర్వాత ఆ దారి మళ్ళీ సర్దుకుంటాది.”

జాహ్నవి పిండిని సాగదీసి చూసింది. మూడుసార్లు చూసింది. “ఓహ్, అంతేనా” అని ఆడుకోవడానికి వెళ్ళిపోయింది.

వాకిట్లో నిలబడి వింటున్న దేవిక మాత్రం కదల్లేదు. అప్పటికి దానికి పదేళ్ళు. “ఆంటీ, లోపల బేబీకి ఫుడ్ ఎట్లా వస్తుంది? బ్లడ్‌లోంచా?” అంది.

“అవును, రక్తంలోంచే. ఆడపిల్లలకు కొంచెం పెద్దయినాక...” అని మొదలుపెట్టానో లేదో బెల్ మోగింది. వాళ్ళమ్మ వచ్చింది. “మిగతాది రేపు చెప్తాలే” అన్నాను.

ఆ రేపు రాలేదు.

నేనెందుకు చెప్పానో ఇక్కడ రాయాలి. నాకు పన్నెండేళ్ళప్పుడు మా ఊరి వంకలో గడ్డి కోసం మోకాటి లోతు నీళ్ళలో దిగాను. మర్నాడు లంగా తడిసింది. జలగ లోపలికి పోయిందనుకున్నాను. జలగ పడితే ఉప్పు వెయ్యాలని మా ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు. వంటింట్లో నుంచి పిడికెడు కల్లుప్పు తీసుకుని పశువులు కట్టేసే గాటిపాట్లోకి పోయాను. తర్వాత జరిగింది రాయను. రెండు రోజులు నడవలేకపోయాను. మా అమ్మ కనుక్కుని ఏడ్చింది, తర్వాత నవ్వింది, చాప వేసి మూలన కూచోబెట్టింది. అందరూ వచ్చి చిమ్మిలి తినిపించారు, పాటలు పాడారు. ఇది ఏమిటని గాని, ఎందుకొస్తుందని గాని ఒక్కరూ చెప్పలేదు. నా బిడ్డ చేతికి ఉప్పు పోనివ్వకూడదని అనుకున్నాను. అంకితకు తొమ్మిదేళ్ళు నిండగానే ఆసుపత్రి కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాను.

జాహ్నవి ఇంటికి పోయి వాళ్ళమ్మకు చపాతీ పిండి సంగతి చెప్పింది. రెడ్డెమ్మ కడుపు పట్టుకుని నవ్వి, నాకు ఫోన్ చేసి “మంచి పని జేసినావు అక్కా, రాత్రిళ్ళు ఏడుస్తాండె” అంది. దేవిక కూడా వాళ్ళమ్మను అడిగింది, రక్తం సంగతి.

ఆ శుక్రవారం తల్లులు నలుగురూ మా హాల్లోకి వచ్చారు. ముందు భాగ్యలత. వాళ్ళది జగిత్యాల దిక్కు. సాల్మియాలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూచుంటుంది, డిగ్రీ చదివింది. కూచోమంటే కూచోలేదు.

“ఏం చెప్పినవ్ నా బిడ్డకు?”

“అడిగింది, చెప్పినా. అబద్ధం చెప్పలా.”

“తొమ్మిదో క్లాసు సదువు, మా పిల్లలకు సైన్సు చెప్తదంట! గలీజు నోరు నీది. గా ముచ్చట పదేండ్ల పోరికి చెప్పేదా? రేపు గిది స్కూల్ల మాట్లాడితే మా ఇజ్జత్ ఏం గావాలె?”

“నీ పాపకు నేనింకా ఏమీ చెప్పలా భాగ్యలతా. సగంలోనే ఆగిపోయినా.”

“సగం చాలు తల్లీ నీది! పూర్తిగ చెప్తే ఇంకేం చెప్పేదానివో.”

ఇద్దరు తల్లులు నవ్వారు. రెడ్డెమ్మ నవ్వలేదు, కానీ నా వైపు మాట్లాడనూ లేదు. నిండు గర్భిణి, ఆయాసపడుతూ సోఫాలో కూచుంది.

అప్పుడు భాగ్యలత, మూలన పుస్తకం పట్టుకుని ఉన్న అంకితను చెయ్యి పట్టి లాక్కొచ్చింది. నా కుడిచెయ్యి తీసి అంకిత నడినెత్తి మీద పెట్టి, దాని మీద తన చెయ్యి పెట్టి అదిమింది.

“నీ బిడ్డ నెత్తి మీద ఒట్టు వెయ్. ఇగ ఏ పిల్లకు గూడ గా ముచ్చట చెప్పనని వెయ్. లేకుంటే ఇప్పుడే బలదియా మున్సిపాలిటీకి ఫోన్ కొడ్త. లైసెన్స్ లేకుంట పిల్లలను పెట్టుకున్నదని చెప్త. ఇఖామా పోతది, ఇక్కడ ఉండనియ్యరు, మొగడు పిల్ల అందరు ఇంటికే.”

ఇంకెవరైనా అయితే వేరే మాట మాట్లాడేవాళ్ళేమో. నాకు ఆ క్షణంలో పోలీసులు, ఎయిర్‌పోర్టు, సుధాకర్ ఉద్యోగం, అన్నీ ఒక్కసారే కనపడ్డాయి. నా చేతి కింద నా బిడ్డ తల వేడిగా ఉంది. నూనె పెట్టిన జుట్టు. అది తల ఎత్తి నన్నే చూస్తోంది, అమ్మ ఏం తప్పు చేసిందా అని.

“చెప్పను,” అన్నాను.

“ఏ పిల్లకు?”

“ఏ పిల్లకూ చెప్పను. నా బిడ్డ తోడు.”

“గట్ల రా దారికి.” భాగ్యలత చెయ్యి తీసి దులుపుకుంది. ఆదివారం స్కూలు తెరిచిన రోజు నుంచి పిల్లలు మామూలుగా వచ్చారు. దేవిక కూడా వచ్చింది. ఆ బస్సు ఆగే చోటికి దగ్గర్లో ఇంకెవరున్నారు?

ఒట్టు పెట్టిన మూడోరోజు అంకితకు జ్వరం వచ్చింది. ఫ్లూ అన్నాడు డాక్టరు, స్కూల్లో సగం మందికి ఉందన్నాడు. నేను తలుపు వెనక నిలబడి, ఎక్కడైనా నోరు జారానా అని మూడు రోజుల మాటలూ వెనక్కి తిరగేసుకున్నాను.

ఫిబ్రవరిలో అంకిత పెద్దమనిషి అయింది. ఏడుపు లేదు, అరుపు లేదు. వంటింట్లోకి వచ్చి “అమ్మా, వచ్చింది. నువ్వు జెప్పినట్టే బ్రౌన్‌గా ఉండాది” అంది. నా కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. నువ్వులూ బెల్లమూ దంచి పెట్టాను. ఊరికి ఫోన్ చేసి మేనమామకు మాత్రం చెప్పాను. ఆ సాయంత్రం అది నా పక్కన పడుకుని అడిగింది.

“బిడ్డ ఎట్లా బయటికి వస్తాదో చెప్పినావు గదమ్మా. లోపలికి ఎట్లా పోతాది?”

నేను అటు తిరిగి పడుకున్నాను.

ఏ పిల్లకూ అన్నాను గదా. నా పిల్లకు తప్ప అనలేదు. ఆ తల మీదే ఒట్టు. చెబితే ఆ తలకే తగులుతుంది. అంకిత కాసేపు చూసి, “అడగగూడదా?” అంది. నేను ఇటు తిరగలేదు. అంతే. ఆ రోజు నుంచి అది నన్ను ఏమీ అడగలేదు. స్కూల్లో ఎవరు తిట్టారు, ఎవరు నవ్వారు, కడుపులో నొప్పిగా ఉందా, ఏమీ చెప్పదు. బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుంటుంది, వస్తుంది. పుట్టినప్పటి నుంచి నా కొంగు పట్టుకుని తిరిగిన పిల్ల, నేను గదిలోకి రాగానే మాట ఆపేస్తోంది. సిగ్గుపడాల్సిందేదో తనకు జరిగిందనుకుంది. ఆ సిగ్గు నా వీపు నుంచి నేర్చుకుంది.

అది భాగ్యలత చేసిన పని. దానికి ఏదో ఒక రోజు బదులు తీర్చుకోవాలని అప్పుడే అనుకున్నాను.

దారి దానంతట అదే దొరికింది. జనవరి నుంచే దేవికను చూస్తున్నాను. ముక్కు పక్కన మొటిమలు లేచాయి. యూనిఫాం భుజాల దగ్గర బిగుతైంది. పరిగెత్తేటప్పుడు పుస్తకాలు గుండెకు అదుముకుంటోంది. ఏప్రిల్లో రెండుసార్లు నడుం నొప్పి అంది. వాళ్ళ స్కూల్లో ఐదో తరగతి ఆడపిల్లల్ని కూచోబెట్టి నర్సు ఈ సంగతి చెప్పే రోజున, భాగ్యలత తలనొప్పి అని సెలవు చీటీ రాసి ఇంట్లో ఉంచేసిందట. ఆ మాట అంకితే ఎవరితోనో అంటుంటే విన్నాను. ఫోన్లో యూట్యూబ్ కూడా తీసేసిందట.

అన్నీ చూశాను. తల్లికి ఒక్క ముక్క చెప్పలేదు, పిల్లకూ చెప్పలేదు. నా పగ అంత సులువు. ఆమె కోరినట్టే నోరు మూసుకుని కూచోవడమే.

సుధాకర్‌తో ఆ మాట అన్న రెండో రోజు, బుధవారం. మే నెల. దుమ్ము లేచి కిటికీలన్నీ పసుపు రంగులో ఉన్నాయి. బస్సు దిగి వచ్చిన దేవిక బ్యాగును వీపుకు కాకుండా నడుముకు కిందగా పట్టుకుని, గోడ వారగా నడిచి, అన్నం వద్దని, బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. బ్యాగు పక్కకు జరిగినప్పుడు చూశాను. గౌను వెనక చింతగింజంత మరక.

నాకు మొదట కలిగింది సంతోషం. రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను. ఒళ్ళంతా చల్లబడింది.

పది నిమిషాలయింది. కుళాయి తిప్పిన చప్పుడు, వెంటనే చిన్న కేక. మేలో ఇక్కడ పైన ట్యాంకులో నీళ్ళు మసలుతుంటాయి. “ఆంటీ, నీళ్ళు కాలుతున్నయ్,” అంది లోపల్నుంచి.

“బకెట్లో పట్టి పెట్టినాను చూడు, అవి పోసుకో,” అన్నాను. అంత వరకు ఒట్టుకు రాదు.

భాగ్యలతకు ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తింది.

“మీ పాప బాత్రూంలో ఉండాది. తలుపు తియ్యడంలా. నువ్వు రావాల.”

“ఏమైంది? పడ్డదా?”

“నేను చెప్పగూడదు.”

“ఏంది చెప్పగూడదు? పేషెంట్లున్నరు ఇక్కడ, జల్ది చెప్పు!”

“నువ్వు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్యావు గదా. అదే.”

అటు వైపు ఎవరి పళ్ళో కడుగుతున్న మిషను చప్పుడు. తర్వాత గొంతు తగ్గించి అంది. “అస్తున్న. టాక్సీ పట్టుకుంట. నేనచ్చేదాంక దానికి ఏం చెప్పకు. ఇంటున్నవా? ఏం చెప్పకు.”

అప్పుడు కూడా అదే మాట! రక్తంలో కూచున్న కూతురు ఒకవైపు, ఈమెకు నా నోటి మీదే భయం. ఫోన్ పెట్టేసి, “రా తల్లీ, రా” అనుకున్నాను.

అంకిత నా వెనకే నిలబడి ఉంది. అంతా విన్నది.

“అమ్మా, దానికి చెప్పు.”

“వాళ్ళమ్మ వచ్చాంది.”

“సాల్మియా నుంచి గంట పడ్తాది ఈ ట్రాఫిక్‌లో. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా.”

“నోరు ముయ్యి. ఒట్టు నీ తల మీద ఉండాది.”

“నా తలే గదా. నాకేం కాదులే.” ఎన్ని నెలల తర్వాతో నాతో అన్ని మాటలు మాట్లాడింది. పోయి తన అలమర నుంచి ప్యాడ్ ఒకటి తెచ్చి, తలుపు కింద సందులోంచి లోపలికి తోసింది.

“ఇదేంటి?” దేవిక గొంతు.

అంకిత నోరు తెరిచింది. నేను చెయ్యి అడ్డం పెట్టి ఆ నోరు మూసేశాను. నా చేతి కింద అది కొట్టుకుంది. కళ్ళు పెద్దవి చేసి నన్ను చూసింది.

అప్పుడు లోపల్నుంచి వినపడింది. “ఆంటీ... నేను అమ్మమ్మ లెక్క చచ్చిపోతనా?”

నా చెయ్యి జారిపోయింది. అంకిత గుసగుసగా చెప్పింది. “వాళ్ళమ్మమ్మ లస్మవ్వ పోయినేడు చచ్చిపోయింది గదా. గర్భసంచి క్యాన్సరంట. వీళ్ళు ఊరికి పోయినప్పుడు గుడ్డలన్నీ రక్తమంట. దేవిక చూసిందంట.”

నాకు తెలియదు. దేవుడి తోడు, ఆ సంగతి నాకు తెలియదు. జనవరి నుంచి దాని మొటిమలు చూశాను, భుజాలు చూశాను, ఆ చావు సంగతి మాత్రం చూడలేదు.

ఒక్క మాట సరిపోయేది. కాదు, అంటే చాలు. ‘కాదు’ అనడం ఆ ముచ్చట చెప్పినట్టవుతుందా, కాదా? తలుపు మీద చెయ్యి పెట్టి అదే లెక్క వేసుకుంటూ నిలబడ్డాను. ఒకవైపు అంకిత తల, ఒకవైపు భాగ్యలత మొహం. ఇప్పుడు నేను చెప్పేస్తే ఆమె వచ్చేసరికి పిల్ల కళ్ళు తుడుచుకుని బిస్కెట్టు తింటూ ఉంటుంది. ఆమె నన్ను నాలుగు తిట్టి, చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది. నా ఇన్ని నెలల ఎదురుచూపూ నీళ్ళపాలు.

“మీ అమ్మ వచ్చాంది పాపా. ఆయమ్మనే అడుగు,” అన్నాను.

లోపల ఏడుపు మొదలైంది. పెద్దగా కాదు. గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చినట్టు.

అంకిత నా నుంచి దూరంగా జరిగి గోడకు ఆనుకుంది.

నాలుగు గంటలకు రెడ్డెమ్మ చంటివాణ్ణి ఎత్తుకుని జాహ్నవిని తీసుకుపోవడానికి వచ్చింది. సంగతి చూసి “అయ్యో, అక్కా, పిల్లకు నువ్వన్నా చెప్పగూడదా?” అంది.

“నువ్వుండావు గదా ఆపొద్దు, ఈ హాల్లోనే. కూచో రెడ్డెమ్మా. అప్పుడు చూసినదానివి, ఇప్పుడు కూడా చూసి పో.”

ఆమె నా మొహం చూసి, చంటివాణ్ణి ఒళ్ళో వేసుకుని కూచుంది. “నేనైనా చెప్తాలే” అని లేవబోయింది. “కూచో,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. కూచుంది.

ఇంకో పది నిమిషాలకు భాగ్యలత వచ్చింది. మెడలో క్లినిక్ కార్డు, మొహం నిండా దుమ్ము. లిఫ్ట్ కోసం ఆగలేదట. నేను అనుకున్నట్టే రొప్పుతోంది.

“ఏది? ఏడున్నది?”

“ఆడనే. మూడు గంటలప్పుడు పోయినాది లోపలికి.”

“గంట నుంచి లోపట్నే ఉన్నదా? నువ్వేం జేస్తున్నవ్?”

“నువ్వు చెప్పినట్టే జేచ్చాండా.”

ఆమె తలుపు దగ్గరికి ఉరికింది. “దేవికా! బిడ్డా! తలుపు తియ్!”

“మమ్మీ, బ్లడ్ ఆగుతలేదు.” ఏడ్చి ఏడ్చి గొంతు పూడిపోయింది దానికి. “నాక్కూడా అమ్మమ్మకు అచ్చిందే అచ్చింది. డాడీకి చెప్పకు. హాస్పిటల్ వద్దు మమ్మీ. అమ్మమ్మను హాస్పిటల్‌కు తీస్కపోతనే కదా...”

భాగ్యలత గొళ్ళెం పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. నోరు తెరిచింది. మా అందరినీ చూసింది. నన్ను, రెడ్డెమ్మను, గోడ దగ్గర అంకితను, అంకిత చెయ్యి పట్టుకున్న జాహ్నవిని.

“వీళ్ళను బయటికి పంపు,” అంది నాతో, మెల్లగా.

“యాల? ఆ పొద్దు నన్ను ఒంటరిగా అడిగినావా?”

“అక్కా...” ఏడు నెలల్లో మొదటిసారి అక్కా అంది. “నువ్వు చెప్పు దానికి. నీకు మంచిగ చెప్పొస్తది. ఒట్టు తీసేస్తున్న. నీ కాళ్ళు మొక్కుత, తీసేస్తున్న.”

“నా బిడ్డ తల మీద పెట్టింది నీ నోటి మాటతో పోతాదా? పోయిందని నాకు ఎవురు చెప్తారు? రేపు దానికి జరమొస్తే నువ్వొచ్చి తీసేచ్చావా? నేను చెప్పను. నీ బిడ్డ, నీ నోరు. నువ్వే చెప్పు.”

“నాతోని కాదు.”

“అయితే అట్లే ఉండనీ.”

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను చూశాను. బాగా చూశాను. తనివి తీరా చూశాను అనుకున్నాను, తీరలేదు.

లోపల్నుంచి దేవిక అడిగింది. “ఆంటీ, మీకు తెలుసా? నాకేమైందో?”

“తెలుసు పాపా.”

“మరెందుకు చెప్తలేరు?”

ఈ మాట కోసం నేనేమీ పన్నాగం చెయ్యలేదు. ఆ పిల్లే నా చేతికి ఇచ్చింది. నేను భాగ్యలత కళ్ళలోకి చూస్తూ, తలుపుకు వినపడేటట్టు అన్నాను.

“మీ అమ్మ చెప్పొద్దనింది. చెప్తే నా అంకితకు కీడు జరుగుతాదని ఒట్టు పెట్టించింది.”

రెడ్డెమ్మ “అక్కా!” అంది. భాగ్యలత నేను కొట్టినట్టు తల వెనక్కి తీసుకుంది. అయింది. నేను చెయ్యాలనుకున్నది అయిపోయింది. ఇంతకంటే ఇంకేం కావాలి నాకు?

లోపల ఏడుపు ఆగింది. నీళ్ళ చప్పుడు కూడా లేదు. తర్వాత దేవిక గొంతు చాలా దగ్గర్నుంచి వచ్చింది, తలుపుకు మొహం ఆనించినట్టు.

“మమ్మీ, ఎందుకు వద్దన్నవ్?”

భాగ్యలత తలుపు మీద అరచెయ్యి ఆనించింది.

ఏసీ చప్పుడు. కింద వీధిలో గ్యాసు బండి హారను. చంటివాడు కదిలితే రెడ్డెమ్మ పాలు పట్టింది, వాడు తాగడం అయిపోయింది, మళ్ళీ నిద్రపోయాడు. భాగ్యలత అలాగే నిలబడి ఉంది. నేను ఆ మౌనాన్ని మొదట ఆనందంగా విన్నాను. కాసేపటికి, లోపల ఉన్నది కూడా దాన్ని వింటోందని గుర్తొచ్చింది. చెప్పేద్దామా అని ఒకసారి అనిపించింది. పళ్ళు బిగించాను. అంకిత నన్ను చూడడం లేదు. తలుపునే చూస్తోంది. జాహ్నవి ఏదో అనబోతే దాని భుజం నొక్కింది.

“మమ్మీ?”

భాగ్యలత చున్నీ దగ్గరికి లాక్కుని తలుపు ముందు తడి నేల మీద కూచుంది. నుదురు తలుపుకు ఆనించింది. ఆమె వీపు రెండుసార్లు లేచి పడింది. మా వైపు తిరగలేదు.

“నాకు మొదటిసారి రక్తమచ్చిన దినం,” అంది చివరికి, “మీ అమ్మమ్మ నన్ను పొయ్యిల కట్టెతోని కొట్టింది బిడ్డా. ఏం తప్పు జేసిన్నో చెప్పలే. నేను అడగలే. నిరుడు చచ్చిపోయేదాంక గూడ అడగలే. గందుకే వద్దన్న. గిది రోగం కాదు. నువ్వు చావవు. నేను గూడ చావలే, సూడు, గిన్నేండ్ల సంది నెలనెలా అస్తనే ఉన్నది నాకు. తలుపు తియ్యి. నాకు ఎరుకైన కాడికి చెప్త, ఎరుక లేనిది ఆంటీని అడుగుదాం, ఇద్దరం కల్సి.”